ఆకు మంచిదే, పరీక్షించారా?



ఏలూరు పేటల్లో గాని, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్ళలో గాని, కొల్లేటి లంక గ్రామాల్లో గాని ఏ ఇంటికి ప్రార్థనకు వెళ్ళినా ఈ రోజుల్లో ముందుగా వినబడే ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, కాఫీలో పంచదార వెయ్యమంటారా, వద్దా?" ఒకప్పుడు ఈ ప్రశ్న లేదు. చక్కెర వ్యాధి డబ్బున్నవారి జబ్బు అనుకునేవారు. ఇప్పుడు చేపల చెరువు మీద కాపలా ఉండే కూలికీ ఉన్నది, ఉల్లి మార్కెట్టులో బస్తాలు మోసే వానికీ ఉన్నది, సండే స్కూలు టీచరమ్మకూ ఉన్నది. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నది. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

ఆ మొదటి ప్రశ్న తరువాత రెండవ ప్రశ్న వస్తుంది. "అయ్యగారూ, పొడపత్రి ఆకు వాడితే షుగరు పూర్తిగా పోతుందట కదా. మాత్రలు మానేసి ఆకు వాడుకోమంటారా?" ఈ ప్రశ్న అడిగేవారు తెలివి తక్కువవారు కారు. నెలనెలా మందుల ఖర్చు భరించలేక కొందరు, సూదికి భయపడి కొందరు, జీవితాంతం మాత్రలు మింగాలా అనే విసుగుతో కొందరు అడుగుతారు. ఎగతాళి చేసి పంపివేస్తే వారు మాత్రలు మానడం మానరు, మనకు చెప్పడం మానుతారు. గనుక ఈ నెల ఈ శీర్షికలో ఆ ప్రశ్నకు నిదానంగా జవాబు వెదకుదాం.

పొడపత్రి సంగతి

పొడపత్రి ఒక తీగ. అడవి అంచుల్లో, పొదల మీద పాకుతుంది. సంస్కృతంలో దీనిని మధునాశిని అన్నారు. తీపిని నాశనం చేసేది అని అర్థం. హిందీలో గుడ్‌మార్ అంటారు, అంటే బెల్లాన్ని చంపేది. పేరు ఊరికే రాలేదు. ఈ ఆకు రెండు నమిలి తరువాత పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్లుంటుంది, తీపి తెలియదు. 1847లో ఎడ్జ్‌వర్త్ అనే ఆయన ఈ వింతను లోకానికి రాసి తెలిపాడు. ఆకులో ఉండే జిమ్నెమిక్ ఆమ్లాలు అనే పదార్థాలు నాలుక మీద తీపిని గుర్తించే భాగాలకు కాసేపు అడ్డుపడతాయని తరువాత తెలిసింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నాలుక మీద తీపి చచ్చింది గనుక రక్తంలో కూడా చక్కెర చస్తుంది అనుకుంటారు. నాలుక వేరు, రక్తం వేరు. తీపి తెలియకపోయినా ఆ పంచదార కడుపులోకి వెళ్ళనే వెళ్ళింది. ఆకు రక్తంలోని చక్కెరను కూడా తగ్గిస్తుందా అన్నది మరొక ప్రశ్న. దానిని వేరుగా పరీక్షించవలసిందే.

సాక్ష్యం ఎందుకు చాలదు?

సంఘంలో మనకు సాక్ష్యం అంటే గౌరవం. "నాకు ఈ మేలు జరిగింది" అని ఒక సహోదరి నిలబడి చెబితే మనం స్తోత్రం చెల్లిస్తాం. అది న్యాయమే. అయితే కృతజ్ఞత చెప్పడానికి ఒక్కరి సాక్ష్యం చాలును గాని, వందమందికి మందు ఇవ్వడానికి చాలదు. ఎందుకో మూడు కారణాలు చెబుతాను.

మొదటిది, షుగరు తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా పెరిగిన రోజున భయపడి ఆకు మొదలుపెడతాం. పది రోజులకు తగ్గుతుంది. ఆకు లేకపోయినా కొంత తగ్గేదేమో, మనకు తెలియదు.

రెండవది, ఆకు మొదలుపెట్టిన వాడు ఒక్క ఆకుతో ఆగడు. పొద్దున్నే నడుస్తాడు. అన్నం తగ్గిస్తాడు. పూతరేకుల జోలికి వెళ్ళడు. పైగా చాలామంది పాత మాత్రలు కూడా వేసుకుంటూనే ఉంటారు. తగ్గినప్పుడు పేరు మాత్రం ఆకుకు వస్తుంది.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఆకు వాడి మేలు పొందినవాడు వచ్చి సాక్ష్యం చెబుతాడు. ఆకు నమ్ముకొని ఇన్సులిన్ మానేసి, స్పృహ తప్పి ఆసుపత్రిలో చేరినవాడు సాక్ష్యం చెప్పడానికి రాడు. కాలికి పుండు పడి వేళ్ళు తీయించుకున్నవాడు కూడా రాడు. నిలబడినవారి మాటే మనం వింటాం, పడిపోయినవారిని ఎవరూ లెక్కపెట్టరు. పరీక్ష అంటే పడిపోయినవారిని కూడా లెక్కపెట్టడమే.

దానియేలు పది రోజులు

పరీక్షించడం అవిశ్వాసం అనుకునే సహోదరులున్నారు. వారు దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం మరొకసారి చదవాలి. రాజు భోజనం వద్దని, పప్పు కూరలు, నీళ్ళు చాలునని దానియేలు అడిగాడు. అధికారి భయపడ్డాడు. అప్పుడు దానియేలు "నన్ను నమ్ము" అని ఊరుకోలేదు. పది రోజులు గడువు పెట్టమన్నాడు. తమను ఒక పక్కన, రాజు భోజనం తినే యౌవనులను ఒక పక్కన పెట్టి పోల్చి చూడమన్నాడు. తీర్పు తాను చెప్పుకోలేదు, చూసేవానికే వదిలాడు. గడువు, రెండు గుంపులు, పోలిక, వేరొకరి తీర్పు, ఈ నాలుగూ అందులో ఉన్నాయి. ఈనాటి వైద్య పరీక్షలకు కావలసినవి కూడా ఇవే. అంత విశ్వాసం గలవాడే పరీక్షకు భయపడలేదు.

ఇలాంటి పది రోజుల పరీక్షే మన హైదరాబాదులో కూడా జరిగింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు మెంతులను పట్టుకున్నారు. మన ఇళ్ళలో పోపుల డబ్బాలో ఉండే మెంతులే. 1990లో ప్రచురించిన ఫలితాల్లో, ఇన్సులిన్ మీద ఆధారపడిన రోగులకు పది రోజులు మెంతి పొడి కలిపిన భోజనం, పది రోజులు మెంతి లేని భోజనం వంతులవారీగా పెట్టారు. రెండు భోజనాల్లోనూ బలం సమానంగా ఉండేలా చూశారు. మెంతి తిన్న రోజుల్లో పరగడుపు షుగరు తగ్గింది. 24 గంటల్లో మూత్రం ద్వారా పోయే చక్కెర 54 శాతం తగ్గింది.

ఇంతవరకు వింటే మెంతులు గెలిచాయి అంటాం. అయితే మోతాదు చూడండి. నూనె తీసిన మెంతి పొడి రోజుకు 100 గ్రాములు, రెండు పూటలా పంచి పెట్టారు. ఏ ఇంట్లో ఎవరు రోజూ అంత తినగలరు? అందుకే వారు అక్కడితో ఆగలేదు. రోజుకు 25 గ్రాముల మెంతులతో 60 మంది రోగులను 24 వారాలు చూశారు. ఆ ఫలితాలు 1996లో వచ్చాయి. అప్పుడు కూడా షుగరు తగ్గింది. గమనించండి, మొదటి పరీక్షలో రోగులకు ఇన్సులిన్ మాన్పించలేదు. మెంతులు భోజనంలో తోడుగా వచ్చాయి గాని ఇన్సులిన్ స్థానంలో కూర్చోలేదు. మెంతుల్లోని పీచు కడుపులో జిగురుగా మారి చక్కెర రక్తంలోకి చేరడాన్ని నిదానం చేస్తుంది. అది సహాయమే గాని స్వస్థత కాదు.

పొడపత్రి పరీక్షకు నిలిచిందా?

మళ్ళీ మన ఆకు దగ్గరకు వద్దాం. మద్రాసు విశ్వవిద్యాలయం వారు పొడపత్రి ఆకు నుండి సారం తీసి రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. ఫలితాలు 1990లో వచ్చాయి. ఒక పరీక్షలో మాత్రలు వాడే రోగులు 22 మంది. వారికి 18 నుండి 20 నెలలు మాత్రలతోపాటు సారం ఇచ్చారు. షుగరు తగ్గింది. మాత్రల మోతాదు తగ్గించగలిగారు. 22 మందిలో 5 మంది మాత్రలు లేకుండా సారంతోనే ఉండగలిగారు. మరొక పరీక్షలో ఇన్సులిన్ తీసుకునే 27 మందికి సారం ఇవ్వగా వారికి కావలసిన ఇన్సులిన్ తగ్గింది.

ఇది సంతోషించవలసిన వార్త. ఆకును ఎగతాళి చేసేవారు ఈ లెక్క చూడాలి. అయితే ఆకును అమ్మేవారు కూడా ఈ లెక్క పూర్తిగా చూడాలి. మాత్రలు మానగలిగినవారు 22 మందిలో 5 మంది. అంటే మిగిలిన 17 మందికి మాత్రలు కావలసే వచ్చాయి. ఆ 5 మంది కూడా వైద్యుల కనుసన్నలలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ మానారు గాని పక్కింటివారి మాట మీద కాదు. 22 మంది, 27 మంది అంటే చిన్న గుంపులు. పైగా అందరికీ తాము ఆకు సారం తీసుకుంటున్నామని తెలుసు. సగం మందికి మందు, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తి పొడి ఇచ్చి, ఎవరికేది ఇచ్చారో రోగికీ వైద్యునికీ తెలియకుండా చూసే పరీక్ష అంతకంటె గట్టిది. అలాంటిది వేలమంది మీద, ఏళ్ళ తరబడి జరిగితే తప్ప "ఈ ఆకు కళ్ళను, మూత్రపిండాలను, కాళ్ళను, గుండెను కాపాడుతుంది" అని చెప్పడానికి వీలులేదు. షుగరు అంకె తగ్గడం ఒకటి, మనిషి కాపాడబడడం మరొకటి.

వేగిస చెట్టు చెక్కతో చేసిన గ్లాసులు మీరు చూసే ఉంటారు. రాత్రి నీళ్ళు పోసి ఉదయం తాగితే షుగరు తగ్గుతుందంటారు. దీనినే విజయసార్ అంటారు. భారత వైద్య పరిశోధన మండలి దీనిని నాలుగు కేంద్రాల్లో పరీక్షించి 1998లో ఫలితాలు ప్రచురించింది. 97 మందిలో 67 మందికి 12 వారాల్లో షుగరు అదుపులోకి వచ్చింది. అయితే వారంతా కొత్తగా వ్యాధి బయటపడినవారు, తీవ్రత తక్కువగా ఉన్నవారు. ఇచ్చినది కొలిచి తయారు చేసిన సారం, రోజుకు 2 నుండి 4 గ్రాములు. గ్లాసులో నానిన నీళ్ళు కాదు. తిన్న తరువాత షుగరు మరీ ఎక్కువగా పెరిగిన నలుగురిని మధ్యలోనే పరీక్ష నుండి తప్పించారు. మంచి పరీక్షకు అది గుర్తు. మందు గెలవాలని రోగిని బలి పెట్టరు.

కుండలోని విషం

ఇప్పటివరకు పని చేస్తుందా అనే ప్రశ్న చూశాం. రెండవ ప్రశ్న, హాని చేస్తుందా అన్నది. "ఆకే గదా, మేలు చేయకపోతే కీడు చేయదు" అనే మాట మన ఊళ్ళలో ప్రతి నోటా ఉన్నది. రెండవ రాజుల గ్రంథం నాలుగవ అధ్యాయంలో ఒక సంగతి చదువుతాం. కరవు కాలం. ప్రవక్తల శిష్యులకు కూర వండాలి. ఒకడు పొలంలోకి వెళ్ళి అడవి తీగ కాయలు ఒడినిండా కోసుకొచ్చి, అవేమిటో తెలియకుండానే తరిగి కుండలో వేశాడు. తినబోయినవారు ఇందులో చావున్నదని కేకలు పెట్టారు. కోసినవాడు దుర్మార్గుడు కాడు, ఆకలిగొన్నవారికి వండి పెట్టాలనుకున్నవాడే. కాయ తెలియకపోవడమే అతని చిక్కు.

ఆ కాయ చేదుపుచ్చ అయి ఉంటుందని చాలామంది పండితులు అభిప్రాయపడ్డారు. చిత్రమేమంటే ఆ చేదుపుచ్చ కూడా చక్కెర వ్యాధికి నాటు మందే. ఇరాన్ వైద్యులు దానిని పరీక్షించి 2009లో ప్రచురించారు. 50 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడు సార్లు, రెండు నెలలు ఇచ్చారు. షుగరు తగ్గింది. కుండలో ఒడినిండా వేస్తే చావు, గ్రాములో పదవ వంతు కొలిచి ఇస్తే మందు. కాయ ఒకటే, తేడా కొలతలో ఉన్నది.

ఇది పాత నిబంధన కాలంతో పోయిన సంగతి కాదు. 2010లో ఢిల్లీలో షుగరు వ్యాధి ఉన్న ఒక శాస్త్రవేత్త రోజూ తాగే సొరకాయ, కాకరకాయ రసమే తాగి మరణించాడు. ఆ రోజు రసం చేదుగా ఉన్నది. సొరకాయ చేదుగా ఉంటే అందులో విషపదార్థం పెరిగిందని అర్థం. దాని మీద పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసి, చేదు సొరకాయ రసం తాగవద్దని హెచ్చరించింది. "చేదు గనుక షుగరుకు మంచిది" అనే మాట ఎంత ప్రమాదమో చూడండి.

పొడపత్రి విషయంలో కూడా ఒక హెచ్చరిక ఉన్నది. ఈ ఆకుతో కాచిన టీ తాగిన ఒక షుగరు రోగికి కాలేయం దెబ్బతిన్నదని ఇజ్రాయెల్ వైద్యులు 2010లో ప్రచురించారు. ఇది అందరికీ జరుగుతుందని కాదు. జరగవచ్చునని తెలిసి ఉండాలి. మన పెరళ్ళలో, వేపచెట్ల మీద అల్లుకునే తిప్పతీగ సంగతి చూడండి. కరోనా రోజుల్లో దానిని తాగనివారు లేరు. తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు 2021లో రాశారు. కేంద్ర ఆయుష్ శాఖ దానిని ఒప్పుకోలేదు. వారు తాగినది అసలు తిప్పతీగేనా, దానిలా కనిపించే మరొక తీగా అని అడిగింది. ఆ వాదంలో ఎవరు గెలిచినా మనకు పాఠం ఒక్కటే. మొక్కను సరిగా గుర్తించడం మొదటి పరీక్ష. ఒకే పేరుతో ఊరికొక మొక్కను చూపించే మన ప్రాంతంలో ఇది మరీ అవసరం.

డబ్బాలో ఏమున్నది?

ఆకు సరియైనదే అనుకుందాం. ఎక్కడ పెరిగింది? 2020 డిసెంబరు నెలను ఏలూరు మరచిపోలేదు. వందలమంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. ఆసుపత్రి నిండిపోయింది. ఢిల్లీ ఎయిమ్స్ వారు రక్తం పరీక్షించి సీసం, నికెల్ ఉన్నాయని చెప్పారు. ఇతర పరీక్షల్లో పురుగుమందుల అవశేషాలు కనబడ్డాయి. కంటికి శుభ్రంగా కనబడేదంతా శుభ్రం కాదని మనకంటె బాగా తెలిసినవారెవరు? పట్టణాల మురుగు, పొలాల మందులు కాలువల వెంట కొల్లేటికే చేరతాయి. ఆ గట్ల మీద మొలిచిన ఆకును కోసి రోజూ ఉదయం నూరి తాగేముందు ఆ మట్టిలో ఏమున్నదో ఆలోచించవద్దా?

పొడి డబ్బాల సంగతి ఇంకొకటి. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో అమ్మే ఆయుర్వేద సరుకులు 70 కొని పరీక్షిస్తే 14 సరుకుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి లోహాలు దొరికాయి. ఆ తరువాత మన ప్రభుత్వం 2006 నుండి ఎగుమతి సరుకులకు లోహాల పరీక్ష తప్పనిసరి చేసింది. 2008లో సింగపూరులో కల్తీ మందుల వల్ల, అసలు షుగరు వ్యాధే లేని 150 మంది రక్తంలో చక్కెర పడిపోయి ఆసుపత్రిలో చేరారు, నలుగురు మరణించారు. ఆ మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగరు మాత్ర కలిపి ఉన్నది. గనుక ఒక పొడి వేసుకున్న మరునాడే షుగరు దభాలున పడిపోతే "ఎంత గొప్ప ఆకు" అని మురిసిపోకండి. అందులో పేరు చెప్పని మాత్ర ఉన్నదేమోనని అనుమానించండి.

షుగరును పూర్తిగా నయం చేస్తామని ప్రకటన చేయడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. ఆ చట్టంలోని రోగాల జాబితాలో మధుమేహం ఉన్నది. ఆరాధన ముగిసిన తరువాత చర్చి మెట్ల దగ్గర పొడి డబ్బాలు అమ్మే సహోదరులను ప్రేమతోనే అడుగుతున్నాను. మీరు వాగ్దానం చేస్తున్నది ఆ డబ్బా మీద అయినా రాసి ఉన్నదా? మన సంఘంలో ఒకరి మాట ఒకరు నమ్ముతారు. ఆ నమ్మకం సరుకు అమ్మడానికి ఇచ్చినది కాదు.

పరీక్షకు నిలిచిన మొక్క

ఇదంతా చదివి మొక్కల మందు అంటేనే భయపడకండి. మీ ఇంట్లో షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక మొక్క కథతోనే మొదలైంది. ఐరోపాలో గలీగా అనే మొక్కను నాటు వైద్యంలో వాడేవారు. అందులోని గలెజీన్ అనే పదార్థం షుగరును తగ్గిస్తుందని తేలింది, అయితే అది విషపూరితం. ఆ మొక్కను మేసిన గొర్రెలు చనిపోయేవి. శాస్త్రజ్ఞులు మొక్కను పారవేయలేదు, అలాగని కషాయం కాచి అమ్మలేదు. దానిని పోలిన పదార్థాలను తయారు చేసి ఒక్కొక్కటి పరీక్షించారు. 1957లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జీన్ స్టెర్న్ మెట్‌ఫార్మిన్‌ను రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. 1998లో ఇంగ్లండులో వెలువడిన పెద్ద పరీక్షలో, బరువు ఎక్కువగా ఉన్న షుగరు రోగుల్లో అది మరణాలను తగ్గించిందని రుజువైంది. దాని సొంత బంధువు ఫెన్‌ఫార్మిన్ కూడా షుగరును తగ్గించింది గాని రక్తంలో ఆమ్లం పెంచి ప్రాణాలు తీసింది. 1970ల చివర చాలా దేశాలు దానిని తొలగించాయి, మన దేశం 2003లో నిషేధించింది. ఒకే ఇంటి ఇద్దరిలో ఎవరు మంచివాడో పరీక్షే తేల్చింది.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం కూడా ఇదే చెబుతుంది. స్ప్రూ అనే కడుపు జబ్బుతో ఇద్దరు సోదరులను పోగొట్టుకున్నాడు. అదే జబ్బు తనకూ వస్తే డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నాడు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు కూడా చెప్పాడు. మేలు పొందాను గదా అని అక్కడితో ఆగలేదు. అమెరికా వెళ్ళి, తన బృందంతో కలిసి 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయగలిగాడు. స్ప్రూకు అది మందయింది. తనను బతికించిన వైద్యాన్ని ఆయన తృణీకరించలేదు. జబ్బుకు మూలమేమిటి, దానిని కుదిర్చేదేమిటి అని చివరివరకు అడిగాడు.

ఇంట్లో ఏమి చేయాలి?

ఇప్పుడు ఆచరణకు వద్దాం.

మీరు ఇప్పటికే పొడపత్రి గాని, మరే ఆకు గాని వాడుతుంటే మీ డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. తిడతారని భయపడవద్దు. మాత్ర, ఆకు రెండూ కలిసి షుగరును మరీ కిందికి లాగవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, మాట తడబడడం కనిపిస్తే వెంటనే పంచదార నీళ్ళు ఇచ్చి, షుగరు చూసి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు.

ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలకు, పెద్దలకు ఏ ఆకూ ఇన్సులిన్‌కు బదులు కాదు. ఒక్కరోజు కూడా మాన్పించకండి. గర్భిణీ స్త్రీలు, పాలిచ్చే తల్లులు, కాలేయం గాని మూత్రపిండాలు గాని దెబ్బతిన్నవారు ఇలాంటి వాటి జోలికి వెళ్ళవద్దు. ఆపరేషను ఉంటే ముందుగానే చెప్పండి.

షుగరు తగ్గిందని నోటి మాటతో చెప్పుకోకండి, పుస్తకంలో రాసుకోండి. తేదీ, పరగడుపు షుగరు, తిన్న తరువాత షుగరు, ఆ రోజు వేసుకున్న మందు రాయండి. మూడు నెలల సగటును చూపే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకోండి. ఒక్కరోజు అంకె మనలను మోసం చేయవచ్చు గాని మూడు నెలల సగటును మోసం చేయడం కష్టం. ఖర్చుకు భయపడి మాత్రలు మానవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెట్‌ఫార్మిన్ ఉచితంగా ఇస్తారు.

చెరువు గట్ల మీద, బురదలో పనిచేసే సహోదరులు చెప్పులు లేకుండా నడవకండి. షుగరు ఉన్నవారికి పాదం మొద్దుబారుతుంది, గవ్వ గుచ్చుకున్నా తెలియదు. రాత్రి పడుకునే ముందు ఇంట్లోవారు పాదాలు చూడాలి. ఇది ఏ ఆకూ చేయలేని వైద్యం, భార్యాభర్తలు ఒకరికొకరు చేసుకోగలిగినది.

చివరగా ఒక మాట. ప్రార్థన చేసుకుని మందు మానడం విశ్వాసం అనుకునేవారికి హిజ్కియా రాజును జ్ఞాపకం చేస్తున్నాను. ప్రార్థన వినబడింది, ఆయుష్షు పెరిగింది, అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నారు. ప్రార్థనకు, మందుకు తగవు లేదు. అలాగే ఆకుకు, పరీక్షకు తగవు లేదు. ఆకును చేసినవాడు దేవుడే. దాని గుణం తెలుసుకునే బుద్ధిని, కొలిచే చేతిని, లెక్క రాసే ఓపికను ఇచ్చినవాడూ ఆయనే. ఒకటి తీసుకుని ఒకటి తోసివేయకుందుము గాక. ఈ వ్యాధితో బాధపడే ప్రతి కుటుంబాన్ని ప్రభువు బలపరచి, సరియైన వైద్యం నొద్దకు నడిపించును గాక. ఆమేన్.